ఎవరు తడితే తలుపు తీస్తారు?

(విశ్వాసం, దయ, సమాజ ఆరోగ్యం అనే అంశంపై ఆరోగ్య కార్యకర్తలు, వైద్య విద్యార్థులు, వివిధ మతాల సేవా సంస్థలవాళ్ళు కలిసి కూర్చున్న సభలో ఒక సామాజిక వైద్య అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం. చివరి ప్రశ్నల్లో రెండింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశంలో మూడు మాటలున్నాయి: విశ్వాసం, దయ, సమాజ ఆరోగ్యం. మొదటి రెండింటి గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ముందు వరుసలోనే కూర్చున్నారు. నాకు కాస్తో కూస్తో తెలిసింది మూడోది. ఒక పేటలో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు ఎవరికొచ్చాయి, తాగే నీళ్ళు ఎక్కడివి అని ఇంటింటికీ తిరిగి అడిగే వృత్తి మాది. అందుకని మూడో మాట దగ్గర మొదలుపెట్టి మిగతా రెండింటి వైపు నడుస్తాను. దారిలో ఎవరి మనసైనా నొప్పిస్తే టీ విరామంలో పట్టుకుని తిట్టండి. (నవ్వులు)

1854 ఆగస్టు నెలాఖరు. లండన్‌లో సోహో అనే పేట. ఇరుకిళ్ళు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా పడింది. మన పెద్దవాళ్ళు గత్తర అనేవారే, అదే. మొదటి మూడు రోజుల్లో 127 మంది పోయారు. అంతా ముగిసేసరికి ఆ లెక్క 616కి చేరింది. జాన్ స్నో అనే డాక్టరు చావులన్నీ ఒక నీళ్ళ పంపు చుట్టూ ఉన్నాయని గమనించి, పెద్దలకు నచ్చజెప్పి, సెప్టెంబర్ 8న ఆ పంపు పిడి ఊడదీయించాడు. ఈ కథ ఇక్కడున్న విద్యార్థులందరికీ వచ్చు. పరీక్షలో రాస్తారు, మేం మార్కులేస్తాం. ఆ జవాబుల్లో ఎప్పుడూ కనపడని మనిషి ఇంకొకాయన ఉన్నాడు. నేనొచ్చింది ఆయన గురించి చెప్పడానికి.

ఆ పేట చర్చిలో హెన్రీ వైట్‌హెడ్ అని ఒక కుర్ర పాదిరీ ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు నిండలేదు, హోదా కూడా చిన్నదే. కలరా పడ్డ రోజుల్లో ఆయన చేసింది ఒకటే: జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, పక్కన కూర్చోవడం, పోయినవాళ్ళ కుటుంబాలతో ఉండిపోవడం. స్నో మాట విన్నప్పుడు ఆయనకు నచ్చలేదు. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అప్పటి పెద్ద డాక్టర్లంతా నమ్మేవాళ్ళు. పైగా ఆ పంపు నీళ్ళే బాగా తాగి బతికి బట్టకట్టినవాళ్ళను ఈయన కళ్ళారా చూశాడు. అందుకని స్నో చెప్పింది తప్పని రుజువు చేద్దామనే బయల్దేరాడు.

ఎలా రుజువు చేస్తాడు? ఇంటింటికీ వెళ్ళాలి. పోయినవాళ్ళు ఏ నీళ్ళు తాగారో ఉన్నవాళ్ళను అడగాలి. పోనివాళ్ళు ఏం తాగారో కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న చాలామంది మర్చిపోతారు, ఇప్పటికీ మర్చిపోతున్నారు. భయపడి పేట వదిలి వెళ్ళిపోయిన కుటుంబాలు ఎక్కడున్నాయో వెతకాలి. ఒకే గడపకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, బిడ్డ పోయిన తల్లిని ఆ వారం ఏం జరిగిందో గుర్తు చేసుకోమనాలి. ఏ అధికారి అయినా రెండోసారి వస్తే మొహం మీద తలుపేస్తారు. ఈయనకు వేయలేదు. ఎందుకంటే ఆ వారం రాత్రుళ్ళు ఆ ఇంట్లో ఉన్నది ఆయనే.

లెక్క తేలాక చూస్తే స్నో చెప్పిందే నిజం. నీళ్ళు తాగినవాళ్ళకు జబ్బు విపరీతంగా ఎక్కువ. నెమ్మదిగా, ఒకింత అయిష్టంగానే ఈ నిర్ణయానికి వచ్చానని వైట్‌హెడ్ స్వయంగా రాసుకున్నాడు. నాకు ఆ అయిష్టంగా అన్న ముక్క చాలా ఇష్టం. అంతటితో ఆగలేదు. చావుల రిజిస్టరు తిరగేస్తుంటే 40వ నంబరు ఇంట్లో నెలల పసిబిడ్డ విరేచనాలతో పోయినట్టు కనిపించింది. ఆ బిడ్డకు జబ్బు చేసింది అందరికంటే ముందు. ఆ తల్లి దగ్గరికి వెళ్ళి అడిగాడు. బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందున్న మలగుంటలో పోశానని చెప్పింది. తవ్వి చూస్తే ఆ గుంటకూ పంపు బావికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఇటుకలు పుచ్చిపోయి ఉన్నాయి. స్నోకి కూడా దొరకని ముడి అది.

ఇంకొక సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండదు. పంపు పిడి తీసేనాటికే జబ్బు తగ్గుముఖం పట్టింది, జనం పారిపోవడం వల్ల. స్నో కూడా ఇది ఒప్పుకున్నాడు. మరి పిడి తీయడం వృథాయేనా? కాదు. సరిగ్గా ఆ రోజే, సెప్టెంబర్ 8న, ఆ పసిబిడ్డ తండ్రికి కలరా తగిలింది. అదే ఇల్లు, అదే గుంట. పిడి ఉండి ఉంటే రెండో విడత మొదలయ్యేదే.

నమ్మకాన్ని, లెక్కను ఒకదానికొకటి శత్రువులుగా నిలబెట్టి చర్చలు పెట్టేవాళ్ళకు నేను ఈ పాదిరీని చూపిస్తాను. ఆయన విశ్వాసం ఆయన్ను ఆ ఇళ్ళలోకి తీసుకెళ్ళింది. లెక్క తన అభిప్రాయానికి ఎదురు తిరిగినప్పుడు లెక్క వైపు నిలబడ్డాడు. రెండూ ఒకే మనిషి చేశాడు. మన ఆరోగ్య వ్యవస్థకు స్నోలు చాలామంది ఉన్నారు, గొప్పవాళ్ళు, అవసరమైనవాళ్ళు. తలుపు తడితే తీయించుకోగలిగినవాళ్ళే తక్కువ.

ఇక్కణ్ణించి 160 ఏళ్ళు ముందుకు రండి. 2014. గినియా, సియెర్రా లియోన్, లైబీరియా. ఎబోలా. ఆ విడత ముగిసేసరికి 28,600 మందికి పైగా సోకింది, 11,300 మందికి పైగా పోయారు. ఈ వైరస్‌కు ఒక దుర్మార్గం ఉంది. మనిషి చనిపోయే సమయానికి ఒంట్లో వైరస్ అత్యధికంగా ఉంటుంది, శవాన్ని ముట్టుకున్నవాళ్ళకు అంటుకుంటుంది. అక్కడి కుటుంబాల్లో పోయినవాళ్ళకు స్నానం చేయించడం, చివరిసారి తాకడం పెద్ద బాధ్యత. అంటే ఎవరికి ప్రేమ ఎక్కువో వాళ్ళకే జబ్బు. కొత్తగా సోకుతున్నవాటిలో కనీసం 20 శాతం అంత్యక్రియల దగ్గరే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అధికారులు మొదట ఏం చేశారు? సైన్స్ ప్రకారం సరైనదే చేశారు. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి, శవాన్ని సంచిలో పెట్టి, క్రిములు చచ్చే మందు చల్లి, తీసుకుపోయారు. గుర్తు లేని గోతుల్లో పూడ్చారు. లైబీరియా రాజధాని మన్రోవియాలో దహనం చేయాలని ఆదేశించారు, ఆ ఆచారమే లేనివాళ్ళకి. ఫలితం? జనం శవాలను దాచడం మొదలుపెట్టారు. రాత్రిపూట రహస్యంగా పూడ్చారు. జబ్బుపడ్డవాళ్ళను ఆసుపత్రికి చూపించలేదు, తీసుకెళ్తే మనిషీ రాడు, సమాధీ ఉండదు కనక. లెక్క సరైనదే, పని తప్పింది.

2014 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంత్యక్రియల పద్ధతి మార్చి రాసింది. ఈసారి ఇమాములు, పాదిరీలు, మతసంస్థలవాళ్ళు, మానవశాస్త్రం చదివినవాళ్ళు కూర్చుని రాశారు. నేను ఆ పత్రాన్ని విద్యార్థులతో చదివిస్తాను. జాగ్రత్తల్లో ఏమీ తగ్గలేదు. అదే సంచి, అదే క్లోరిన్, అవే సూట్లు. మారింది వరస. బృందం రాగానే సూట్లు వేసుకోకూడదు. ముందు మామూలు బట్టల్లో ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, ఓదార్చాలి, ఏం చేయబోతున్నారో చెప్పాలి, వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి. నీళ్ళతో స్నానానికి బదులు ముస్లింలకు నీళ్ళు లేని శుద్ధి చేయొచ్చు. తెల్లటి కఫన్, అంటే శవానికి చుట్టే బట్ట, చుట్టొచ్చు. కుటుంబం కాస్త దూరంలో నిలబడి ప్రార్థన చేసుకోవచ్చు. సమాధి మీద పేరు ఉండాలి.

ఇప్పుడు చెప్పండి, నీళ్ళు లేని శుద్ధి చెల్లుతుందని ఎవరు చెప్పాలి? నేను చెబితే ఎవరైనా వింటారా? స్టెతస్కోపు వేసుకున్నవాడు వచ్చి మీ దేవుడు ఏమీ అనుకోడులెండి అంటే కొడతారు. (నవ్వులు) ఇమాము చెప్పాలి, చెప్పాడు. ఆ ఒక్క వాక్యం నా చదువంతా కలిపినా చెప్పలేను.

ఇదే నాణేనికి రెండో వైపు నైజీరియాలోని కానో రాష్ట్రం. 2003లో అక్కడ పోలియో చుక్కలు ఆపేశారు. అందులో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని ప్రచారం, కొందరు మతపెద్దలు దాన్ని బలపరిచారు. దాదాపు సంవత్సరం ఆగింది. అక్కడి వైరస్ ఖండాలు దాటి సుమారు ఇరవై దేశాలకు పాకింది. బయటినుంచి చూసి మూఢత్వం అనేశారు చాలామంది. నేను అంత తేలిగ్గా అనలేను. 1996లో అదే కానోలో మెదడు పొరల వాపు జబ్బు ప్రబలినప్పుడు ఒక విదేశీ మందుల కంపెనీ పిల్లల మీద కొత్త మందు ప్రయోగించింది. సరైన అనుమతి తీసుకోలేదన్న వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ తల్లిదండ్రులకు అనుమానం ఆకాశంనుంచి ఊడిపడలేదు. చివరికి 2004లో దారి ఎలా దొరికిందంటే, ముస్లింలు అధికంగా ఉన్న ఇండొనేషియాలో తయారైన టీకా తెప్పించారు. చుక్కల్లో తేడా ఏమీ లేదు, ఎవరి చేతిమీదుగా వచ్చిందన్నదే తేడా. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సంప్రదాయ పెద్దలు, ఇమాములు ముందు నడిచి పిల్లలకు చుక్కలు వేయించారు. 2020 ఆగస్టు 25న ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ లేని ప్రాంతమని ప్రకటించారు.

ఇక దయ దగ్గరికి వస్తాను. దయ అనగానే అది మనసుకు సంబంధించిన మెత్తటి విషయం అనుకుంటాం. నా దృష్టిలో అది ఒక మందు, మోతాదుతో సహా. మూడో శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యంలో ఏదో మహమ్మారి వచ్చింది. ఏ జబ్బో ఇప్పటికీ వాదన ఉంది. అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ రాసిన ఉత్తరంలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ప్రాణం ఉండగానే సొంతవాళ్ళను రోడ్డు మీదికి నెట్టినవాళ్ళు, పరాయివాళ్ళ పక్కన కూర్చుని సేవ చేసి తామూ పోయినవాళ్ళు. తనవాళ్ళను పొగుడుకోవడం అందులో ఉంది, అది తీసేయండి. మిగిలే సంగతి చరిత్రకారులు పట్టుకున్నారు: ఏ మందూ లేని కాలంలో కూడా, లేవలేని మనిషికి తిండీ నీళ్ళూ అందిస్తే చాలు, బతికేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. మనుషులు జబ్బుతో మాత్రమే పోరు. లేచి నీళ్ళు తెచ్చుకోలేక కూడా పోతారు.

దీనికి మన కాలపు రుజువు 1971లో దొరికింది. బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దులో బనగాఁవ్ దగ్గర శరణార్థులు, వాళ్ళలో కలరా. డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర నరానికెక్కించే సెలైన్ అయిపోవచ్చింది. ఆసుపత్రి నేలంతా మనుషులు. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల చుట్టాల చేతికి గ్లాసులిచ్చాడు, తాగిస్తూనే ఉండండి అన్నాడు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట ఆ నీళ్ళు తాగినవాళ్ళలో చావులు నాలుగు శాతం లోపుకి పడిపోయాయి. డాక్టరు పని అమ్మలు, అక్కలు, అన్నలు చేశారు. వైద్యలోకం దీన్ని నమ్మడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. చదువురానివాళ్ళ చేతికి వైద్యం ఇవ్వడమేమిటన్నది వాళ్ళ బాధ.

దయకు టైము కావాలి. ఈ ముక్క చెప్పడానికి ఒక ప్రయోగం చెప్తాను, మతబోధ చేసేవాళ్ళు మన్నించాలి. అమెరికాలో ప్రిన్స్టన్ సెమినరీ, అంటే పాదిరీలు తయారయ్యే కాలేజీ. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 40 మంది విద్యార్థులను పక్క భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లో మంచి సమరయుడి కథ. దారిన పడి ఉన్న గాయపడ్డవాణ్ణి పూజారి దాటుకుపోతాడు, పరాయివాడు ఆదుకుంటాడు, ఆ కథ. వెళ్ళే దారిలో ఒక మనిషిని కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. ఎవరు ఆగుతారు? సమరయుడి కథ చెప్పబోతున్నవాళ్ళు ఎక్కువ ఆగారా? చెప్పుకోదగ్గంత తేడా లేదు. తేడా తెచ్చింది ఇంకొకటి. తొందర లేదు అని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయింది పరుగెత్తండి అని పంపినవాళ్ళలో ఆగింది 10 శాతం. ఆ మనిషిని దాటుకుంటూ వెళ్ళి దయ మీద ప్రసంగించినవాళ్ళున్నారు. 1973లో అచ్చయింది. చిన్న ప్రయోగమే, దానిమీద మేడలు కట్టకూడదు. కానీ నాకు వార్డుల్లో రోజూ కనిపించేది ఇదే. నర్సు విసుక్కుందని ఫిర్యాదు రాసేముందు ఆ రాత్రి ఆమె ఒక్కదాని మీద ఎన్ని మంచాలున్నాయో లెక్కపెట్టండి. ఆమెకు నీతిబోధ అక్కర్లేదు, ఇంకో ఇద్దరు నర్సులు కావాలి. దయ గురించి మాట్లాడే సంస్థలు తమ ఆసుపత్రుల్లో డ్యూటీ చార్టు ఎలా ఉందో ఒకసారి చూసుకోవాలని నా మనవి. (చప్పట్లు)

మతసంస్థలు ఆసుపత్రులు కట్టడం కొత్త కాదు. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న కైసరియా బయట బిషప్ బేసిల్ కట్టించాడు, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించాడు. అశోకుడు రెండో శిలాశాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందుమొక్కలు నాటించానని చెక్కించాడు. గొప్ప పనులు. కానీ గత శతాబ్దంలో ఒక సంస్థ తన పని తానే నిలదీసుకున్న తీరు నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. ప్రపంచ చర్చిల మండలి 1968లో క్రైస్తవ వైద్య కమిషన్‌ను పెట్టింది. వాళ్ళు తమ మిషన్ ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, దగ్గరగా ఉన్నవాళ్ళకే వైద్యం అందుతోందని, మంచాల మీదున్నవాళ్ళలో పెద్ద భాగం అసలు రాకుండా ఆపదగిన జబ్బులతో ఉన్నారని తేలింది. ఇంత సేవ చేస్తున్నాం కదా అని తృప్తిపడి ఊరుకోవచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ దగ్గర 1970లో డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే మొదలుపెట్టిన పని లాంటివాటిని ముందుకు తెచ్చారు. అక్కడ ఆరోగ్య కార్యకర్తలు ఊరి ఆడవాళ్ళు. చాలామందికి బడి చదువు లేదు, కొందరు అంటరానివాళ్ళని పక్కనపెట్టిన కులాలవాళ్ళు. వాళ్ళు వస్తే తలుపు తీశారు. మొదట్లో అందరూ తీయలేదు, తర్వాత తీశారు. ఆ కమిషన్ ఆలోచనలు ప్రపంచ ఆరోగ్య సంస్థలోకి వెళ్ళి, 1978 సెప్టెంబర్‌లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటాలో చేసిన ప్రాథమిక ఆరోగ్య ప్రకటన వెనక పనిచేశాయి.

సరే, మీరందరూ మనసులో అడుగుతున్నది నేనే అడుగుతాను. ప్రార్థన చేస్తే జబ్బు తగ్గుతుందా? దీనిమీద పెద్ద అధ్యయనమే జరిగింది. 2006లో ఫలితాలు వచ్చాయి. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు రోగుల కోసం ప్రార్థించారు గానీ ఆ సంగతి వాళ్ళకు తెలియనివ్వలేదు, వాళ్ళలో ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు 52 శాతం మందికి. రెండో గుంపు కోసం ప్రార్థించలేదు, ఆ సంగతీ వాళ్ళకు తెలియదు, వాళ్ళలో 51 శాతం. తేడా లేదు. మూడో గుంపుకు మీకోసం ప్రార్థిస్తున్నారని ముందే చెప్పారు. వాళ్ళలో 59 శాతం! (నవ్వులు) నా కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నారంటే నా పరిస్థితి అంత బాలేదా అని కంగారుపడి ఉంటారని ఒక వివరణ. నిజమో కాదో గానీ మానవ స్వభావానికి దగ్గరగానే ఉంది. నా మటుకు ఇందులో దేవుడు ఓడిందీ లేదు, సైన్స్ గెలిచిందీ లేదు. ఎవరో తెలియనివాళ్ళు పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం చూసి లెక్కప్రకారం చేసే ప్రార్థనను ఏ మతమూ ప్రార్థన అనదనుకుంటాను.

దాని పక్కన ఇంకో అధ్యయనం పెట్టండి. 2016లో వచ్చింది. అమెరికాలో 74 వేల మందికి పైగా నర్సులను 16 ఏళ్ళు గమనించారు. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనా సమావేశాలకు వెళ్ళేవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళకంటే, ఆ కాలంలో చనిపోయే ముప్పు 33 శాతం తక్కువ. ఇది పరిశీలన మాత్రమే, వెళ్ళడం వల్లే బతికారని చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే వెళ్ళగలుగుతారు కదా అన్నదాన్ని వాళ్ళు లెక్కలో తీసుకునే ప్రయత్నం చేశారు. ఎందువల్ల అని వెతికితే దొరికినవి: తోడు, పొగ తాగకపోవడం, దిగులు తక్కువగా ఉండడం. అంటే ఈ వారం ఆవిడ రాలేదేమిటి అని అడిగే నలుగురు ఉండడం. నాకు ఆరోగ్యశాఖలో కావలసింది ఆ ప్రశ్నే. టీబీ మందు మధ్యలో మానేసిన మనిషి గురించి ఎవరూ అలా అడగకపోవడం వల్ల ఎంత నష్టమో మీలో ఫీల్డులో పనిచేసేవాళ్ళకు తెలుసు.

ఇంతవరకు మంచి చెప్పాను. చేదు కూడా చెప్పకపోతే అన్యాయం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర ప్రైవేటుగా నడుస్తున్న ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. మానసిక రోగులను నయమవుతుందనే నమ్మకంతో అక్కడికి తీసుకొచ్చేవాళ్ళు. గొలుసులతో కట్టి ఉండడం వల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. ఆ గొలుసులు వేసినవాళ్ళంతా క్రూరులని నేననుకోను. తీసుకొచ్చి వదిలిన కుటుంబాలు దిక్కుతోచనివాళ్ళు. దగ్గర్లో మానసిక వైద్యుడు లేడు, ఉన్నా సిగ్గు. కానీ ఫలితం చూడండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. చట్టం రావడానికి పదహారేళ్ళు.

ఇంకో చేదు, జబ్బుకు పాపం అంటగట్టడం. నార్వేలో హాన్సెన్ 1873లోనే కుష్ఠుకు కారణం ఒక సూక్ష్మజీవి అని చూపించాడు. 1981 నుంచి నయం చేసే మందుల కలయిక ఉంది. అయినా పూర్వజన్మ పాపం, దేవుడి శాపం అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది, అన్ని మతాల్లోనూ. హెచ్‌ఐవీ వచ్చినప్పుడు అదే జరిగింది. 1992లో ఉగాండాలో గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ పాదిరీ తనకు హెచ్‌ఐవీ ఉందని బయటికి చెప్పాడు. ఆఫ్రికాలో ఒక మతగురువు అలా బహిరంగంగా చెప్పడం అదే మొదలంటారు. వేదిక మీదనుంచి పాపం గురించి చెప్పే నోటితోనే నేనూ రోగినే అని వచ్చాక, ముందు వరుసలో కూర్చున్నవాడు ఎవరిని వేలెత్తి చూపిస్తాడు?

ఎర్వాడి తర్వాత దర్గాలన్నీ మూసేయాలన్నవాళ్ళు ఉన్నారు. గుజరాత్‌లో ఉనావా దగ్గర మీరా దాతార్ దర్గాలో వేరే దారి పట్టారు. దవా, దువా రెండూ అని, అంటే మందూ, ప్రార్థనా. దర్గా ఆవరణలోనే మానసిక వైద్యుడు కూర్చుంటాడు. దర్గా బాగోగులు చూసే ముజావర్లకు శిక్షణ ఇచ్చారు, ఎవరిని చూస్తే డాక్టరు అవసరం అని తెలిసేలా. వాళ్ళు దువా చేసి, తాయెత్తు కట్టి, అటు కూడా వెళ్ళి మాట్లాడి రమ్మని పంపుతారు. ముజావరే పంపాడు కాబట్టి వెళ్తారు. దీన్ని ఒప్పుకోని సైకియాట్రిస్టులు నాకు తెలుసు. మూఢనమ్మకానికి రాజముద్ర వేసినట్టవుతుందంటారు. వాళ్ళ వాదనలో బలం లేదనను. నేను మాత్రం ఆ మనిషికి ఈ నెల మందు అందిందా లేదా అన్నది ముందు చూస్తాను.

నా టైము అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక వైద్య విద్యార్థిని): సార్, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఈ పనిలో నాలాంటివాళ్ళకు తలుపులు తెరుచుకోవేమో అనిపిస్తోంది.

జవాబు: లేదమ్మా. నీళ్ళగ్లాసు చేతికిస్తే తాగేవాడు నీ మతం అడగడు. జామ్‌ఖేడ్‌లో ఆ ఆడవాళ్ళకు తలుపులు తీయించింది వాళ్ళ భక్తి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. నేను చెప్పేదల్లా, ఆ పేటలో జనం ఎవరి మాట వింటారో ముందు తెలుసుకో. ఆ మనిషి పూజారి కావచ్చు, పాస్టరు కావచ్చు, టీచరు కావచ్చు, కిరాణా కొట్టు ఆవిడ కావచ్చు. వెళ్ళి పరిచయం చేసుకో. నీకు నమ్మకం లేదని దాచక్కర్లేదు, అడగకపోతే చెప్పక్కర్లేదు. వాళ్ళ నమ్మకాన్ని చూసి నవ్వావో, ఇక అంతే.

ప్రశ్న (ఒక ఆరోగ్య కార్యకర్త): మా ఏరియాలో షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు ఉపవాసాలు ఉంటారు. మందు మానేస్తారు. చెబితే, దేవుడే చూసుకుంటాడంటారు. ఏం చేయాలి?

జవాబు: వాదించకండి. వాదిస్తే ఆయన గెలుస్తాడు, వయసులో పెద్దాయన కదా. (నవ్వులు) ముందు ఉపవాసం ఎప్పుడు, ఎన్ని గంటలు, నీళ్ళు తాగుతారా లేదా అడిగి తెలుసుకోండి. ఆయన వాడేది ఇన్సులినా, మాత్రలా చూడండి. కొన్ని మాత్రలతో ఉపవాసం ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, అది అసలు ప్రమాదం. రంజాన్ ఉపవాసాలకైతే నెల మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరుకు చూపించి మోతాదు, వేళలు మార్పించుకోవాలని మార్గదర్శకాలున్నాయి. వేరే ఉపవాసాలకూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. రోగులకు మినహాయింపు ఉందని ఖురాన్లోనే ఉంది, అది మీరు చెప్పకండి, మౌలానాగారి చేత చెప్పించండి. పూజారిగారు, పాస్టరుగారు కూడా చెప్పగలరు, అడిగితే. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే ఉపవాసం విరమించి చక్కెర నోట్లో వేసుకోవాలని ఇంట్లోవాళ్ళకు నేర్పండి, ఆయనకు కాదు, ఇంట్లోవాళ్ళకు. ఆయన తర్వాతి ఉపవాసం ఎప్పుడో తేదీ కనుక్కుని, దానికి ముందు రోజు మీరే ఒకసారి వెళ్ళి రండి.